వీడియో ఎడిటింగ్ మధ్యలో ల్యాప్‌టాప్ మొరాయిస్తే: గ్రాఫిక్స్ డ్రైవర్‌ను సరిచూసుకునే పద్ధతి

అమెరికాలో ఉంటున్న మన ఇళ్ళలో ఏడాదికి ఒకటో రెండో వేడుకలు తప్పవు. బారసాల, అన్నప్రాశన, ఓణీల ఫంక్షన్, అమ్మాయి అరంగేట్రం, అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు షష్టిపూర్తి. రాలేకపోయిన బంధువులు ఇండియాలో వీడియో కోసం ఎదురుచూస్తుంటారు. ఆ ఎడిటింగ్ పని ఇంట్లో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. మా ఇంట్లో అది నాదే. మా ఊరి తెలుగు సంఘం పిల్లల కార్యక్రమాల వీడియోలు కూడా నేనే చేస్తుంటాను కాబట్టి "ప్రివ్యూ నల్లగా వస్తోంది", "ఎక్స్‌పోర్ట్ చివర్లో ఆగిపోతోంది", "సాఫ్ట్‌వేర్ తెరవగానే మూసుకుపోతోంది" అంటూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. వీటిలో చాలా వాటికి కారణం గ్రాఫిక్స్ డ్రైవరే. అలాగని అన్నిటికీ అదే కాదు.

కంగారులో చాలామంది చేసేది ఒకటే. నెట్‌లో కనిపించిన చిట్కాలన్నీ వరసగా ప్రయోగించడం, అప్పటికీ కుదరకపోతే ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేసేయడం. మాకు తెలిసిన ఒకరింట్లో ఇలాగే రీసెట్ చేశారు. డ్రైవర్ బాగుపడింది గానీ, వేరే చోట కాపీ లేని వేడుక క్లిప్పులు పోయాయి. తాతగారు మనవరాలి తల మీద అక్షింతలు వేసి దీవించిన క్లిప్ వాటిలో ఉంది. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. డ్రైవర్‌ను మళ్ళీ వేసుకోవచ్చు, అలాంటి క్లిప్‌ను మళ్ళీ తీయలేం. అందుకే ముందు కారణం తేల్చుకుని, తర్వాత మందు వేసే పద్ధతిని వరసగా రాస్తున్నాను. డిగ్రీలో కెమిస్ట్రీ ల్యాబ్‌లో నేర్పిన సూత్రమే ఇక్కడా పనికొస్తుంది: ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఫలితం రాసుకోవాలి, వెనక్కి వెళ్ళే దారి ఉంచుకోవాలి.

డ్రైవర్ అంటే ఏమిటి, ల్యాప్‌టాప్‌లో తంటా ఎందుకు?

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ చెప్పిన పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అర్థమయ్యేలా అందించే దుబాసీ లాంటిది డ్రైవర్. దుబాసీ తడబడితే ఇద్దరూ బాగానే ఉన్నా పని ఆగిపోతుంది.

ల్యాప్‌టాప్‌లలో అదనపు చిక్కు ఏమిటంటే, చాలా వాటిలో గ్రాఫిక్స్ చిప్‌లు రెండు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే ఇంటెల్ లేదా ఏఎండీ చిప్. ఇది తక్కువ కరెంటుతో నడుస్తుంది. రెండోది విడిగా ఉండే ఎన్విడియా లేదా ఏఎండీ చిప్. దీనికి సొంత మెమరీ, ఎక్కువ బలం ఉంటాయి. ఏ పనికి ఏ చిప్ అన్నది విండోస్, డ్రైవర్లు కలిసి నిర్ణయిస్తాయి. అంటే మనం చూసుకోవలసిన డ్రైవర్లు రెండు. చాలామంది ఎన్విడియా డ్రైవర్ ఒక్కటే అప్‌డేట్ చేసి, ఇంటెల్ డ్రైవర్‌ను మరచిపోతారు.

అన్నిటికన్నా ముందు: కాపీ

ఏ బటన్ నొక్కేముందైనా ఒరిజినల్ క్లిప్పులను, ప్రాజెక్ట్ ఫైల్‌ను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డావిన్చీ రిజాల్వ్ మామూలుగా ప్రాజెక్ట్‌ను మీ ఫోల్డర్‌లో కాకుండా తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. ప్రాజెక్ట్ మేనేజర్‌లో ఆ ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తేనే విడి ఫైల్ చేతికొస్తుంది. ఫోన్‌లో, కెమెరా కార్డులో ఉన్న అసలు ఫైళ్ళను పని పూర్తయ్యేదాకా చెరపకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న వీడియో క్వాలిటీ తగ్గిన కాపీ మాత్రమే, దాన్ని బ్యాకప్ అనుకోకూడదు.

తర్వాత విండోస్‌లో ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. స్టార్ట్ మెనూలో 'క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్' అని వెతికితే వస్తుంది. గుర్తుంచుకోండి, ఇది సిస్టమ్ సెట్టింగులను, డ్రైవర్లను పాత స్థితికి తెస్తుందే తప్ప మీ వీడియోలను కాపాడదు.

లక్షణాన్ని బట్టి కారణం

తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వస్తే: గ్రాఫిక్స్ చిప్ జవాబివ్వడం ఆలస్యమైందని విండోస్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెట్టిందన్నమాట. మామూలుగా ఈ గడువు 2 సెకన్లు. 'ఈవెంట్ వ్యూయర్' తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగం చూడండి. ఆ సమయానికి డిస్‌ప్లే పేరుతో 4101 నంబర్ ఈవెంట్ కనిపిస్తే అనుమానం బలపడినట్టే.

నీలి తెర వచ్చి మెషిన్ రీస్టార్ట్ అయితే: తెర మీద కనిపించే పదాలను ఫోన్‌తో ఫోటో తీయండి. 'వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్' అని ఉంటే అది గ్రాఫిక్స్ వైపు సమస్య. పక్కన చూపే ఫైల్ పేరు ఎన్‌వీఎల్ అక్షరాలతో మొదలైతే ఎన్విడియా, ఐజీడీ అని మొదలైతే ఇంటెల్, ఏఎండీ లేదా ఏటీఐ అని మొదలైతే ఏఎండీ డ్రైవర్.

తెర మీద అక్షరాలు, బొమ్మలు పెద్దవిగా, మొరటుగా కనిపిస్తే: డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరవండి. అక్కడ చిప్ పేరు బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అసలు డ్రైవర్ లేనట్టే. పసుపు త్రికోణం, 'కోడ్ 43' కనిపిస్తే చిప్ ఏదో తప్పు చెప్పినందువల్ల విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. ఇది డ్రైవర్ తప్పు కావచ్చు, చిప్ చెడిపోవడమూ కావచ్చు.

గీతలు, రంగు మచ్చలు కనిపిస్తే: స్క్రీన్‌షాట్ తీసి దాన్ని ఫోన్‌లో చూడండి. ఫోన్‌లో మచ్చలు లేకపోతే తప్పు ల్యాప్‌టాప్ తెరది, లేదా దాని కేబుల్‌ది. ఫోన్‌లోనూ ఉంటే చిప్‌ది, డ్రైవర్‌ది, లేదా ఆ వీడియో ఫైల్‌ది. విండోస్ మొదలవకముందే, కంపెనీ లోగో కనిపించేటప్పుడే గీతలు వస్తుంటే అది హార్డ్‌వేర్ సమస్య. ఎన్ని డ్రైవర్లు మార్చినా లాభం లేదు.

తెర బిగుసుకుపోయి, సంగీతం మాత్రం వినిపిస్తుంటే: విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలు పట్టుకుని 'బి' నొక్కండి. తెర ఒక్కసారి మిణుకుమని గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. తెరిచి ఉన్న పని ఎక్కువసార్లు అలాగే ఉంటుంది. వెంటనే సేవ్ చేసుకోండి.

డ్రైవరేనా అని తేల్చే పరీక్ష

సూత్రం సులువు. గ్రాఫిక్స్ చిప్‌ను పక్కన పెట్టి అదే పనిని ప్రాసెసర్‌తో చేయించి చూడాలి. ఒక నిమిషం నిడివి ఉన్న ముక్క చాలు.

ప్రీమియర్ ప్రోలో ఫైల్ మెనూ, ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లోకి వెళ్ళి రెండరర్‌ను 'సాఫ్ట్‌వేర్ ఓన్లీ'కి మార్చండి. ఎక్స్‌పోర్ట్‌లో 'హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్' బదులు 'సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్' పెట్టండి. హెల్ప్ మెనూలో 'సిస్టమ్ కంపాటిబిలిటీ రిపోర్ట్' కూడా ఉంటుంది. డ్రైవర్ పాతదైతే అదే చెప్పేస్తుంది.

ఫిల్మోరా, క్యాప్‌కట్‌లలో సెట్టింగులలోని పెర్ఫార్మెన్స్ విభాగంలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌కు సంబంధించిన టిక్కులు తీసేసి, సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరవండి.

డావిన్చీ రిజాల్వ్ సంగతి వేరు. అది గ్రాఫిక్స్ చిప్ మీదే నడిచే సాఫ్ట్‌వేర్, పూర్తిగా పక్కన పెట్టడం కుదరదు. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద 'మెమరీ అండ్ జీపీయూ' పేజీలో ప్రాసెసింగ్ మోడ్‌ను ఆటో నుంచి కూడా, ఓపెన్‌సీఎల్ అనే రెండింటిలో ఒకదానికి మార్చి చూడండి. కూడా అన్నది ఎన్విడియా చిప్‌లకు మాత్రమే. తెరవగానే 'అన్‌సపోర్టెడ్ జీపీయూ ప్రాసెసింగ్ మోడ్' అని వస్తే డ్రైవర్ పాతదో, లేక రిజాల్వ్‌కు సరైన చిప్ దొరకలేదో అని అర్థం.

చిప్‌ను పక్కన పెట్టాక పని నెమ్మదిగానైనా పూర్తయితే అనుమానం గ్రాఫిక్స్ వైపే. అప్పుడూ అదే చోట ఆగిపోతే డ్రైవర్‌ను ముట్టుకోకండి. టైమ్‌లైన్‌లో ఆ చోట ఉన్న క్లిప్, టైటిల్, ఎఫెక్ట్‌లను ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఎక్స్‌పోర్ట్ ప్రతిసారీ ఒకే చోట ఆగితే ఆ ఫ్రేము దగ్గర ఉన్నదే దోషి కావడం మామూలు. ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే డ్రైవర్, వేడి, మెమరీ వైపు చూడాలి.

సరైన చిప్‌కే పని వెళ్తోందా?

ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపిస్తాయి. పెద్ద చిప్ ఖాళీగా కూర్చుని, చిన్న చిప్ మాత్రం పాట్లు పడుతుంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్ళి, మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని 'హై పెర్ఫార్మెన్స్' పెట్టండి. సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరిస్తేనే మార్పు అమలవుతుంది.

ఒక హెచ్చరిక. పెద్ద చిప్పే వాడాలని డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ చిప్‌ను డిసేబుల్ చేయమని కొందరు సలహా ఇస్తారు. చేయకండి. ఇంటెల్ 2011 నుంచి తన చిప్‌లలో 'క్విక్ సింక్' అనే వీడియో విభాగాన్ని పెడుతోంది. ఇండియాలో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు ఇప్పుడు సోనీ, కెనాన్ కెమెరాలలో హెచ్.265, 10 బిట్, 4:2:2 అనే రకంలో తీయడం ఎక్కువైంది. ఆ రకాన్ని ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన చాలా చిప్‌లు తేలిగ్గా చదువుతాయి. ఎన్విడియా చిప్‌లకు ఆ శక్తి 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే వచ్చింది. అంతకు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లో ఆ చిన్న చిప్పే మీకు ఆధారం. దాన్ని ఆపేస్తే వీడియో నత్తనడక నడుస్తుంది.

డ్రైవర్‌ను మార్చే వరస

మొదట డివైస్ మేనేజర్‌లో రెండు చిప్‌ల డ్రైవర్ తేదీ, వెర్షన్ రాసుకోండి. ఆ తర్వాత ఈ వరసలో వెళ్ళండి. ఒక్కో మెట్టు దగ్గర ఆ ఒక నిమిషం ముక్కను మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. సరైపోతే అక్కడే ఆగిపోండి.

మొదటి మెట్టు, వెనక్కి వెళ్ళడం. నిన్నటిదాకా బాగా నడిచి ఈరోజు చెడితే మధ్యలో ఏదో మారినట్టే. విండోస్ అప్‌డేట్‌లో 'అప్‌డేట్ హిస్టరీ'లో డ్రైవర్ అప్‌డేట్స్ చూడండి. విండోస్ తనంతట తాను డ్రైవర్‌ను మార్చి ఉంటే, డివైస్ మేనేజర్‌లో ఆ చిప్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్ పేజీకి వెళ్ళి 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. ఆ బటన్ పనిచేయకపోతే పాత డ్రైవర్ దాచి లేదని అర్థం.

రెండో మెట్టు, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చే డ్రైవర్. మోడల్ పేరుతో కాకుండా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్‌తో వెతకండి. ఇండియాలో కొన్నదానికీ ఇక్కడ కొన్నదానికీ మోడల్ పేరు ఒకటే అయినా లోపలి చిప్ వేరుగా ఉండవచ్చు.

మూడో మెట్టు, చిప్ కంపెనీ ఇచ్చే డ్రైవర్. ఎన్విడియా రెండు రకాలు ఇస్తుంది: కొత్త ఆటల కోసం 'గేమ్ రెడీ', ఎడిటింగ్ లాంటి పనుల కోసం 2019 నుంచి ఇస్తున్న 'స్టూడియో'. ఇంట్లో పిల్లలు అదే ల్యాప్‌టాప్‌లో ఆటలాడినా ఫరవాలేదు, స్టూడియో డ్రైవర్‌తోనూ ఆటలు నడుస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'కస్టమ్' ఎంచుకుని 'క్లీన్ ఇన్‌స్టలేషన్' టిక్ పెట్టండి. ఇంటెల్, ఏఎండీ డ్రైవర్లు కూడా ఆ కంపెనీల సైట్ల నుంచే తీసుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో బాగుచేస్తామనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

నాలుగో మెట్టు, పూర్తిగా తుడిచి వేయడం. 'డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సేఫ్ మోడ్‌లో నడిపితే పాత డ్రైవర్ అవశేషాలన్నీ పోతాయి. ఇది ఆఖరి అస్త్రం, రోజూ వాడేది కాదు. మొదలుపెట్టేముందు మూడు పనులు చేయండి. కొత్త డ్రైవర్‌ను డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. మధ్యలో విండోస్ తన డ్రైవర్‌ను వేసేయకుండా వైఫై ఆపేయండి. ఇంకొకటి, సేఫ్ మోడ్‌కు వెళ్ళేటప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌లు బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ 48 అంకెల కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకున్నాకే దిగండి. ఆ కీ లేకపోతే మీ ఫైళ్ళు మీకే తెరుచుకోవు.

ఆఫీసు వాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ చేయకండి. అది వాళ్ళ ఐటీ విభాగం పని.

మ్యాక్‌బుక్ వాడేవాళ్ళకు ఈ మెట్లు వర్తించవు. అక్కడ గ్రాఫిక్స్ డ్రైవర్ మ్యాక్ ఓఎస్‌తోనే వస్తుంది, విడిగా వేసుకునేది ఉండదు. పెద్ద ప్రాజెక్ట్ మధ్యలో ఉన్నప్పుడు ఓఎస్ అప్‌డేట్ వాయిదా వేయడం ఒక్కటే జాగ్రత్త.

డ్రైవర్ మీద వచ్చే అబద్ధపు నిందలు

ఛార్జర్: బ్యాటరీ మీద నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ బలాన్ని తగ్గిస్తుంది. 180 వాట్ల అడాప్టర్ కావలసిన మెషిన్‌కు 65 వాట్ల చిన్న ఛార్జర్ పెట్టినా అంతే. ఇండియా వెళ్ళినప్పుడు వోల్టేజీ గురించి భయం అక్కర్లేదు, చాలా అడాప్టర్ల మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని రాసి ఉంటుంది. ప్లగ్ మార్చే చిన్న కన్వర్టర్ వదులుగా ఉంటేనే ఇబ్బంది.

వేడి: ఎక్స్‌పోర్ట్ మొదట్లో వేగంగా వెళ్ళి, పది నిమిషాల తర్వాత కుంటితే గాలి ఆడటం లేదని అర్థం. పరుపు మీద, దిండు మీద పెట్టకండి. వెనుక భాగాన్ని కొంచెం ఎత్తి పెట్టండి.

గ్రాఫిక్స్ మెమరీ: రిజాల్వ్‌లో 'జీపీయూ మెమరీ ఈజ్ ఫుల్' అని వస్తే అది డ్రైవర్ తప్పు కాదు. టైమ్‌లైన్‌ను 4కే నుంచి 1080కి తగ్గించండి, బ్రౌజర్ మూసేయండి.

ఫోన్ వీడియోలు: పాట ఒకచోట, అడుగు ఒకచోట పడుతుంటే అది చాలావరకు ఫోన్ ఫ్రేముల వేగం నిలకడగా లేకపోవడం వల్ల. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మార్చుకుంటే సరిపోతుంది. ఇండియా కెమెరామన్ 25 ఫ్రేములతో తీసినది, మీ ఫోన్ 30 ఫ్రేములతో తీసినది ఒకే టైమ్‌లైన్‌లో కలిపితే కదలికలో వచ్చే కుదుపు కూడా డ్రైవర్ వల్ల వచ్చేది కాదు.

గడువు దగ్గరపడితే

రేపు ఫంక్షన్ హాల్లో వీడియో వేయాలంటే ఈ రాత్రి డ్రైవర్లతో ప్రయోగాలు వద్దు. ప్రాక్సీలు తయారు చేసుకోండి. ప్రాక్సీ అంటే ఎడిటింగ్ కోసం మాత్రమే వాడే తేలికపాటి నకలు. చివరి ఎక్స్‌పోర్ట్ మాత్రం ఒరిజినల్ నుంచే జరుగుతుంది. ప్రీమియర్, రిజాల్వ్, ఫిల్మోరా మూడింటిలోనూ ఈ సౌకర్యం ఉంది. చిన్న చిన్న భాగాలుగా ఎక్స్‌పోర్ట్ చేసి చివర్లో కలపండి. ప్రీమియర్, ఫిల్మోరాలలో అయితే ఛార్జర్ పెట్టి, స్లీప్ ఆపేసి, సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్‌తో రాత్రంతా నడవనివ్వండి. నెమ్మదిగానే, కానీ తెల్లారేసరికి వీడియో చేతిలో ఉంటుంది.

సాయం అడిగేటప్పుడు

"పనిచేయట్లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. విండోస్, ఆర్ నొక్కి 'డీఎక్స్‌డయాగ్' నడిపి, 'సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్' నొక్కితే ల్యాప్‌టాప్ వివరాలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి వస్తాయి. దానితోపాటు సాఫ్ట్‌వేర్ వెర్షన్, వీడియో ఏ కెమెరాతో తీసినది, ఏ నిమిషం దగ్గర ఆగింది, ఇప్పటిదాకా ఏమేం మార్చారు అన్న నాలుగు ముక్కలు రాయండి. రిపేర్ షాపుకు వెళ్ళినా ఈ కాగితం చూపండి. మా పరిచయస్తురాలికి ఒక షాపులో మదర్‌బోర్డ్ మార్చాలన్నారు. ఆవిడ ఇంటికొచ్చి డ్రైవర్‌ను రోల్ బ్యాక్ చేస్తే అదే ల్యాప్‌టాప్ ఇప్పటికీ నడుస్తోంది. అలాగే కోడ్ 43 అన్ని మెట్లూ దాటాక కూడా పోకపోతే, వారంటీ ఉండగానే కంపెనీకి పంపడం మంచిది.

చివరిగా పెద్దవాళ్ళకు పంపే కాపీ గురించి. మీ దగ్గర 4కే హెచ్.265 ఎంత బాగా ఆడినా, ఊళ్ళో నాన్నగారి టీవీకి పెన్ డ్రైవ్ పెడితే ఆడకపోవచ్చు. వాళ్ళకోసం హెచ్.264, 1080, ఎంపీ4 రకంలో ఇంకో కాపీ తీసి పంపండి. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 రకంలో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు, కాబట్టి రెండు భాగాలుగా చేయండి. అసలు క్లిప్పులున్న హార్డ్ డిస్క్ మీద వేడుక పేరు, తేదీ రాసి అతికించండి. ఇంకో కాపీని ఇండియాలో అన్నయ్య దగ్గరో, అక్క దగ్గరో ఉంచండి.